బూదవ్వ మింగిన కల్లు

బూదవ్వ అని ఒకామె ఉండెనంట. గౌండ్లామె. మొగడు లేడు. ఎట్ల పోయిండంటే, గుట్ట మీది తాళ్ళు, తాటిచెట్లు, ఎక్కి కల్లు గీసేటోడు. గుట్ట మీది తాళ్ళంటే ఎట్లుంటయో మీకెర్కేనా, ముసలి తాళ్ళు, మొగులు ముట్టేటంత పొడుగు, కిందంత బండ. ఒకనాడు పైనుంచి జారిండు. బండ మీద పడ్డంక ఇంకేముంటది. అప్పటికి కొడుకు సంకల ఉన్నడు, ఓదెలని పేరు. కూలికి పోయి, నాలికి పోయి సాదుకున్నదనుకో. ఆస్తి లేదు, పాస్తి లేదు, ఆమెకేముండెనంటే నాలుక ఉండె. నాలుక అందరికుంటది గదా అంటవు రాజవ్వా, నువ్వు ఊకో, ఊఁ కొట్టు, చెప్తున్న గదా.

ఆ ఊర్ల గౌండ్లోళ్ళు ఏడాదికోసారి ఎల్లమ్మ పండుగ చేసుకునేది. పండుగనాడు గీసేటోళ్ళందరు తలా ఒక కల్లు కుండ తెచ్చి ఎల్లమ్మ ముంగట పెడుతరు. బూదవ్వ వచ్చి ఒక్కొక్క కుండకాడ కూసుంటది. ముందుగాల నురుగు సూస్తది. అటెన్క చెవి పెట్టి ఇంటదంట, కల్లు పొంగేటప్పుడు సన్నగ సిటసిటమంటది గదా, ఆ సప్పుడు ఇంటది. అటెన్క వాసన. అటెన్క తాటాకు దొప్పల ఒక్క గుక్క పోసుకొని నోట్లె పెట్టుకొని, కండ్లు మూసి, అటు తిప్పి ఇటు తిప్పి ఉమ్మేసేది. మింగకపోయేది. మింగితె రెండో కుండకాడ నాలుక అబద్ధమాడుతది అనేది. అన్ని సూసి, ఒక కుండ మీద చెయ్యి పెట్టి "ఇది" అనేది. అంతే, ఒక్క మాట. ఆ కుండతోనే ఎల్లమ్మకు సాక పోసుడు, అటెన్క ఊరందరికి పోసుడు. ఆ కుండ ఎవలదైతే వానికి ఆ ఏడంతా వాగు ఒడ్డు తాళ్ళు. వాగు ఒడ్డువి లేత తాళ్ళు, పొట్టియి, కింద ఇసుక, జారి పడ్డా దులుపుకొని లేస్తవు. అందరి కండ్లు ఆ తాళ్ళ మీదనే.

ఓదెలు పెద్దగయ్యిండు, అయ్య చెట్టెక్కే మోకు నడుముకు కట్టిండు, అయ్య తాళ్ళే ఎక్కిండు. పండుగకు ఆయన గుడ కుండ పెట్టవట్టె. ఏమైందంటే, వాగు తాళ్ళు ఎప్పుడు సూసినా కొంరాగౌడుకే పోతున్నయి. కొంరాగౌడు చెడ్డోడు కాదు, పని తెలిసినోడు. కన్నతల్లి కూసొని కొడుకు కుండకాడ ఏమంటదంటే, ఒక ఏడు "పులుపెక్కింది" అన్నది, ఇంకో ఏడు "కుండ సరిగ కడగలే" అన్నది, ఆ ముందటేడు అయితే అందరినడుమ "పలచన" అని ఉమ్మేసింది. పిల్లలు సుత నవ్విండ్రంట. ఆనాడు ఇంటికొచ్చినంక ఓదెలు అడిగిండు, అవ్వా, నేను నీ కొడుకునా కాదా? కొడుకువే బిడ్డా, అన్నది. మరి ఒక్కసారి నా కుండ మీద చెయ్యి పెడితె నీ సొమ్మేం పోతదే? దినాం పొద్దున అయ్య పడ్డ బండను సూసుకుంట ఎక్కుతున్న, నీకు భయం గాదా? బూదవ్వ ఏమన్నదంటే, "భయమైతది బిడ్డా. నువ్వు దిగి ఇంటికొచ్చేదాక నా నోట్లె ఉమ్మి మింగుడు వడది. కని ఎల్లమ్మ ముంగట అబద్ధమాడి ఇప్పిచ్చిన తాళ్ళు నిన్ను మొయ్యయి." ఓదెలు పళ్ళెంల చెయ్యి కడిగి లేశిపోయిండు. ఆనాటి నుంచి తల్లీకొడుకులకు మాట్లేవు. కోడలు నీలవ్వే అటు మాట ఇటు, ఇటు మాట అటు మోసేది. మీ అవ్వ బువ్వ తినమంటంది, మీ కొడుకు ఆకలైతలేదంటండు. గట్ల నడిసింది సంసారం.

ఇగ మరుసటేడు వేపలు ఇరగబూసినయంట. నీలవ్వ కడుపుతోనున్నది. ఓదెలుకు ఏం బుద్ధి పుట్టిందో, వేపపువ్వు ఏరుకొచ్చి నీడకు ఎండబెట్టి, పలచటి బట్టల మూటగట్టి కల్లు కుండల ఏలాడదీసిండు. చేదు ఇషం అయింది, పారబోసిండు. మూట చిన్నగ చేసిండు. అది కుదరలే. పువ్వు తోటి గజనిమ్మ తొక్క కలిపిండు. పారబోసుడు, మళ్ళ చేసుడు, పారబోసుడు, మళ్ళ చేసుడు. గీసి గీసి అలిసి వచ్చి కుండ ముంగట కూసునేది. ఆఖరికొకనాడు నీలవ్వకు వేలు ముంచి నాకిచ్చిండు. నీలవ్వ ఏమన్నదంటే, "ముందు తియ్యగున్నది. అటెన్క చేదొచ్చింది. ఆ చేదు పోయినంక మళ్ళ తాగబుద్ధైతంది, ఇదేందయ్యా!" అని నవ్వింది. ఓదెలు సుత నవ్విండు. ఆ ఇంట్ల నవ్వు ఇనబడక ఎన్నొద్దులాయెనో. లోపట పండుకున్న బూదవ్వ ఆ నవ్వు ఇని, ఏంది కోడలా అని అడగవోయి, అడగలే.

గంతటితోని ఊకుంటే అయిపోవు. పండుగనాడు పొద్దున కుండ సంకకెత్తుకునేటాల్లకు ఓదెలు చెవుల అవ్వ మాటనే మోగింది. పలచన. పలచన. మళ్ళ గదే అంటదా? మళ్ళ పిల్లలు నవ్వుతరా? ఎవడో ఎప్పుడో చెప్పిండంట, ఉమ్మెత్త ఇత్తులు జరంత ఏస్తే కల్లు తలకెక్కుతదని. ఊరవతల పెంటకుప్ప మీద ఉమ్మెత్త చెట్టుండె. కాయ తెంపిండు, ఇత్తులు నూరిండు, కుండల కలిపిండు. మనిషిని సంపుదామని కలపలే బిడ్డా, గెలుద్దామని కలిపిండు. జరంత అనుకున్నడు, చెయ్యి ఆగలే.

ఎల్లమ్మ కాడ జనం నిండిండ్రు. ఓదెలు కుండ మీద బట్ట తీసినంతనే వాసన లేశింది. వేపపూత కింద నిలబడ్డట్టు, గజనిమ్మకాయ గోటితోని గిల్లినట్టు. కొంరాగౌడు పక్కకొచ్చి "ఏం వాసనరా తమ్మీ, ఈ ఏడు నీదే" అన్నడు, నిజంగనే అన్నడు, కుళ్ళుతోని కాదు. బూదవ్వ అందరివి సూసుకుంట సూసుకుంట ఆఖరుకు కొడుకు కుండకాడ కూసున్నది. నురుగు సూసింది. చెవి పెట్టింది. వాసన పట్టింది. ఆమె మొఖం ఎట్లయిందంటే, ఆ ఊర్ల ఎవలు అంతకుముందు సూడని మొఖం అయిందంట. దొప్పల పోసుకొని నోట్లె పెట్టుకున్నది. ముందు తీపి. తీపి ఎన్క వేప చేదు, సన్నగ, ముక్కులదాక ఎక్కి, గొంతుల ఎచ్చగ దిగుతున్నట్టు. పాణం లేశొచ్చింది ఆమెకు. చెయ్యి కుండ మీదికి పోతంది. అప్పుడు ఆ వేప చేదు పోయింది, పోవాల్సిందే గదా, పోయింది. దాని కింద ఇంకో చేదున్నది. అది పోతలేదు. నాలుక మొదట్ల కూసున్నది. ఉమ్మెత్త.

కొడుకు దిక్కు సూసింది. ఓదెలు ఆమె నోటి దిక్కే సూస్తున్నడు. చిన్నప్పుడు గంటె దిక్కు సూసినట్టు సూస్తున్నడు. ఆ ఊర్ల కట్టు ఏందంటే, కల్లుల మందు కలిపినోని మోకు నరికి, పెండ్లాం పిల్లలతోని ఊరు ఎళ్ళగొట్టుడే. నీలవ్వ ఆ మూలకు నిండు కడుపు మీద చెయ్యేసుకొని నిలబడ్డది. బూదవ్వ ఉమ్మేసి, "బాలేదు. పగలగొట్టుండ్రి" అన్నది. ఇగ సూడు, జనం లొల్లి లొల్లి! గింత వాసనొస్తుంటే బాలేదా? కన్నకొడుకు మీద గింత పగనా? కులపెద్ద లస్మాగౌడు లేశిండు. "వదినా, ఇన్నేండ్లు నీ మాట ఇన్నం. ఈసారి ఇనం. పిలగాని మొఖం సూస్తే పాపమనిపిస్తంది. నువ్వు జరుగు, మేమే తాగి చెప్తం" అన్నడు. బూదవ్వ కుండను కాలుతోని తన్నవోయింది, ఆయన రెండు చేతుల ఎత్తి పట్టుకున్నడు. దొప్పలు తెచ్చుకుంటున్నరు జనం. తల్లులు పిల్లలను సంకనేసుకొని వస్తున్నరు, ఎల్లమ్మ కల్లు పిల్లల నాలుకకు సుత ఒక సుక్క రాస్తరు గదా. ఓదెలు చెప్తమని నోరు తెరిసిండంట. నీలవ్వ కడుపు దిక్కు సూసి మళ్ళ మూసిండు.

అప్పుడు బూదవ్వ, ఆగుండ్రి ఆగుండ్రి అన్నది. నా నాలుక తప్పినట్టున్నది, మరిదీ, ఇంకొక్కసారి సూడనియ్యి, కుండ నా నోటికి పట్టు అన్నది. పారబోస్తే అనుమానపడుతరు. తాగితే నవ్వుతరు. గంతే ఆలోచన చేసింది. లస్మాగౌడు నవ్వుకుంట కుండ పట్టిండు. ఆమె రెండు చేతుల కుండను గుంజుకొని ఎత్తిన కుండ దించలే. ఎన్నడు మింగని బూదవ్వ మింగుతంది. గొంతు కదులుతంది, గుటుక్కు గుటుక్కున, సగం లోపటికి, సగం గదువ మీదికెళ్ళి రొమ్ము మీదికి, చీర మీదికి. జనం ఒక్కటే నవ్వుడు. ముసల్దానికి కొడుకు కల్లు దొరికిందిరో, మనకు సుక్క మిగల్చదిరో! ఓదెలుకు సమజయ్యేటాల్లకు కుండ సగం దాటింది. ఆమె కుండ బోర్లిచ్చి, అడుగు మడ్డి సుత చీర మీద పోసుకొని, చెయ్యి పెట్టి "ఇది" అన్నది. డప్పులు మోగినయి. వాగు తాళ్ళు ఓదెలుకే అని లస్మాగౌడు అక్కడనే చాటిండు. కొంరాగౌడు వచ్చి ఓదెలును కావలిచ్చుకున్నడు.

ఓదెలు తల్లిని భుజం మీద ఏసుకొని ఇంటికి ఉరికిండు. ఉప్పునీళ్ళు తాపిండ్రు, కక్కిచ్చిండ్రు, నాటు వైద్యుని పిలిసిండ్రు. ముసలి పాణం, తట్టుకోలే. కండ్లు నల్లగ ఇంతింతయినయంట. గాలిల ఏదో ఏరుకుంటది. ఇంటి వాసం దిక్కు సూసుకుంట మొగన్ని పిలుస్తది, దిగయ్యా, దిగు, పొద్దాయె, దిగు. పొద్దు గుట్ట ఎనకకు ఒంగేటాల్లకు జరంత తెలివొచ్చింది. "ఓదెలూ, వేపపువ్వు ఎయ్యుమని ఎవలు చెప్పిండ్రురా?" ఎవలు చెప్పలే అవ్వా, నేనే. "గజనిమ్మ తొక్క?" అదీ నేనే. "మంచిగున్నదిరా. ముందు తియ్యగ వచ్చి, అటెన్క చేదు గట్ల మెల్లగ లేశి... నా నాలుక మీద గసొంటి కల్లు ఎన్నడు పడలే. అదొక్కటి ఎయ్యకపోతివి బిడ్డా. నేను చెయ్యి పెట్టవోయిన. ఉత్తగనే గెలుద్దువురా." ఓదెలు తలకాయ గోడకేసి కొట్టుకున్నడు. అవ్వా నన్ను తిట్టవే, తిట్టవే అంటే, ఆమె వాని తల మీద చెయ్యేసి, "ఎవలకు చెప్పకు. పిల్ల కడుపుతోనున్నది" అన్నది. దీపం పెట్టే యాల్లకు పాణం పోయింది.

ఊరోళ్ళేమనుకున్నరంటే, కొడుకు గెలిసిన సంబురం పట్టలేక తాగి తాగి పోయిందనుకున్నరు. అదృష్టవంతురాలు అన్నరు. ఓదెలు ఆ మాట ఎన్నిసార్లని ఇంటడు? బూడిద వాగుల కలిపినంక లస్మాగౌడు తాళ్ళు అప్పజెప్పవచ్చిండు. ఓదెలు అందరినడుమ ఉన్నదున్నట్టు చెప్పేసి, మోకు తెచ్చి ఆయన కాళ్ళకాడ పెట్టి, నరుకు పెద్దయ్యా అన్నడు. లస్మాగౌడు కత్తి పట్టుకున్నడు గని, ఆ కుండ నోటికి పట్టింది ఎవలు? ఆయన చేతులే గదా. కత్తి కింద పడేసి కూలబడ్డడు. ఓదెలే ఆ కత్తి తీసుకొని తన మోకు తానే నరికిండు. పొమ్మని ఎవలు అనలే. కొంరాగౌడు ఆ ఏడంతా వాగు తాళ్ళు ఇస్తమన్నా ఎక్కలే, గీసేటోడు లేక అట్లనే ఊకున్నయి. ఓదెలు బర్లు కాసుకుంట బతికిండు, బిడ్డ పుడితె సాదిండు. ఆ వేపపువ్వు కల్లు ఎట్ల చేస్తరు అని కొంరాగౌడు ఎన్నోసార్లు అడిగిండంట. చెప్పలే. ఇప్పుడు ఎవలకు రాదు. ఆ ఊర్ల ఆనాటి నుంచి కల్లు సూసేటోళ్ళెవలు లేరు. గీసినోడే ముందుగాల తన కుండల తాను తాగాలె, అటెన్కనే ఊరికి.

మా అత్త ఈ కథ చెప్పినప్పుడల్లా ఏమనేదంటే, సచ్చేటప్పుడు చెప్పిన ఆ మంచిమాటేదో ముందటేడు బువ్వ పెట్టుకుంట చెప్తే అయిపోవు గదనే అనేది. ఎట్ల చెప్తది అత్తా, ముందటేడు కల్లు పలచగనే ఉండె గదా అని నేనంటుంటి. ఔ, అదీ నిజమే, అని ఊకునేది. మళ్ళ చెప్పినప్పుడు మళ్ళ గదే అనేది, మళ్ళ నేను గదే అంటుంటి. ఆమె పోయింది, నేను ముసల్దాన్నైన, ఇద్దరిల ఎవలది నిజమో నాకైతే ఇప్పటికి తెల్వది. లే రాజవ్వా, ముక్కు తుడుసుకో. పొయ్యి మీద పప్పు అడుగంటుతంది, నీకు వాసనన్న వస్తలేదా?