పంకజాక్షి గారు విప్పిన మూడు వందల ఎనభై ఆరు కట్టలు

1959 జూలై ఆరవ తేదీన మన విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో గుమాస్తాగా చేరిన శ్రీమతి పంకజాక్షి గారు, పదిహేనేళ్ల మచ్చలేని సేవ తర్వాత, 1974 నవంబరు 14వ తేదీ ఉదయం పదకొండు గంటలకు, నిండు సభలో దొంగగా నిలబడవలసి వచ్చింది.

ఆ రోజు గ్రంథాలయ వారోత్సవాల ప్రారంభం. తాళపత్ర ప్రదర్శనకు ఐరాల నుంచి అతిథిగా వచ్చిన భారతమ్మ గారు ఒక గాజుపెట్టె తెరిపించి, నెమలి చెక్కిన చెక్క పలకల మధ్య ఉన్న కట్టను చేతిలోకి తీసుకున్నారు. రెండేళ్ల క్రితం దాన్ని మనకు దానమిచ్చింది ఆమే. అది ఆమె మామగారు రాసిన పశువైద్యం. తాటాకు చదవడం ఆయన దగ్గరే నేర్చుకున్న ఆ పెద్దావిడ మొదటి ఆకు చదివి తలెత్తారు.

"ఇది మాది కాదు."

"పలకలు మీవే కదమ్మా!" అన్నారు పంకజాక్షి గారు.

"పలకలు మావే. ఆకులు మావి కావు. మా మామ గొడ్ల వైద్యం రాసినాడు. ఇందులో యెవురిదో జాతకం ఉండాది. పైన చెక్కలు అట్లనే పెట్టి లోపల సరుకు మార్చినారు. యాడ అమ్మినారు తల్లీ, మా మామ ఆకుల్ని?"

పక్కనే ఉన్న రిజిస్ట్రారు గారు మెల్లగా అడిగారు. "ఈ విభాగం ఎవరి చేతిలో ఉంది?"

"నా చేతిలోనే ఉందండీ."

మధ్యాహ్నం తనిఖీ జరిగింది. మా విభాగంలో మూడు వందల ఎనభై ఆరు కట్టలు. అప్పట్లో కట్ట సంఖ్యను ఆకు మీద రాసేవాళ్లం కాదు, పై పలక మీదే రాసేవాళ్లం. పలకలన్నీ సరిపోయాయి, ఒక్కటీ తగ్గలేదు. అదే ఆమె మెడకు చుట్టుకుంది. కట్ట పోలేదంటే ఆకులు కావాలనే మార్చారన్నమాట. తెలిసినవారు తప్ప ఇంకెవరు మారుస్తారు? సోమవారం ఉదయంలోగా ఆకులు దొరకాలి, లేదంటే పోలీసు ఫిర్యాదు, ఆ ఫిర్యాదులో మొదటి పేరు పంకజాక్షి గారిది అని రిజిస్ట్రారు గారు తేల్చి చెప్పారు.

ఆ విభాగం ఆమెకు ఎవరో అప్పగించినది కాదు. 1963లో పల్లెల నుంచి తాటాకు కట్టలు గోనెసంచుల్లో వచ్చి పడితే, పురుగు పట్టిన ఆ సంచుల దగ్గరికి వెళ్లడానికి అందరూ జంకినప్పుడు, ముక్కుకు కొంగు కట్టుకొని మొదటి సంచి విప్పింది ఆమె. పాత లిపి చదవడం, ఆకులకు నిమ్మగడ్డి నూనె రాసి ఆరబెట్టడం సొంతంగా నేర్చుకున్నారు. 1970లో విభాగ బాధ్యత స్వీకరించి, బస్సు వెళ్లే ఊరికి బస్సులోనూ, వెళ్లని ఊరికి నడిచీ చిత్తూరు జిల్లా అంతా తిరిగి కట్టలు సేకరించారు. ఐరాలకే నాలుగుసార్లు వెళ్లారు. నాలుగోసారి భారతమ్మ గారు, "మా ఎనుము మూడు దినాలుగా మేత ముట్టలేదు. ఆ ఆకుల్లోనే మందుంటాది, సదివి చెప్పు. ఎనుము లేస్తే కట్ట నీది" అన్నారట. ఆమె అరుగు మీద కూర్చుని చదివి చెప్పారు. మూడో రోజుకు ఆ గేదె లేచింది.

విభాగంలో ఆమె పెట్టిన నియమం ఒక్కటే. ఒక కట్ట విప్పితే, దాన్ని తిరిగి కట్టేదాకా ఇంకొకటి ముట్టకూడదు.

శుక్రవారం పొద్దున అటెండరు మునిరత్నం కళ్లు తుడుచుకుంటూ వచ్చాడు.

"అమ్మా, పోలీసోళ్లొస్తే మొదట నా ఈపే పగలగొడతారు. బీరువా తాళాలు నా మొలతాడుకే ఉండాయి."

"మొలతాడు నీదప్పా, రిజిస్టర్లో సంతకం నాది. ఏడుపు మాని కట్టలు దించు. ఈసారి నంబర్లు సూడొద్దు, ఆకులు సదవాల."

మూడు రోజులు చదివారు. ఒక కట్ట విప్పడం, మొదటి ఆకు చదవడం, తిరిగి కట్టడం, ఆ తర్వాతే ఇంకొకటి. అంత తొందరలోనూ తన నియమం తప్పలేదు. ఆదివారం మధ్యాహ్నం రెండు వందల డెబ్బై ఒకటో కట్ట విప్పారు. పలక మీద జ్యోతిషం అని ఉంది. ఆకు మీద పశువుల గాలికుంటు రోగానికి మందు ఉంది.

మునిరత్నం నేల మీద కూలబడి నవ్వో ఏడుపో తెలియకుండా ఏదో చేశాడు. ఆమె మాత్రం మిగతావన్నీ చూసిగాని లేవలేదు. మొత్తం ఐదు కట్టల్లో పలకలు తారుమారు. ఆ ఐదింటినీ నూనె రాసి మిద్దె మీద ఆరబెట్టింది నవంబరు తొమ్మిదో తేదీ శనివారం. ఎవరో ఐదింటినీ ఒకేసారి విప్పి, ఒకదాని పలకలు ఇంకొకదానికి కట్టేశారు. దొంగతనమే జరగలేదు.

సోమవారం భారతమ్మ గారు తన ఆకులు చదువుకొని, "నోరు జారినాను తల్లీ" అని చేతులు పట్టుకున్నారు. రిజిస్ట్రారు గారు మాత్రం ఆ ఎవరో పేరు చెప్పమన్నారు. మూడుసార్లు అడిగారు.

"విభాగంలో జరిగిన పొరపాటండీ. విభాగం నాది."

ఆమె సర్వీసు పుస్తకంలో 'అజాగ్రత్త' అన్న మాట ఎక్కింది. ఆ ఏడు రావలసిన పదోన్నతి నాలుగేళ్లు ఆలస్యమైంది. ఆఫీసు నోళ్లు మాత్రం ఆ పని మునిరత్నానిదే అని తేల్చేశాయి. పాపం, పదవీ విరమణ దాకా అతను ఆ మాట మోశాడు. ఆమె ఈ పన్నెండేళ్లలో కట్టల సంఖ్యను వెయ్యి దాటించారు, ప్రదర్శనను ఏటా చిత్తూరుకు, గూడూరుకు తీసుకువెళ్లారు, ఆకు ఆకు మీదా సంఖ్య వేయించారు.

పోయిన వారం వారింటికి వెళ్లి అడిగాను. "ఆ పని ఎవరిదో మీకు తెలుసునా అమ్మా?"

"ముడి సూస్తానే తెలిసిపోయె. ఐదు కట్టలకీ ఎడమచేతి ముడి."

"మరి చెప్పలేదే?"

"ఆ మనిషికి ఇంకా పర్మినెంటు కాలేదబ్బా. పేరు చెప్తే ఆ పూటే ఇంటికి పంపుండురు. తనే వచ్చి చెప్తాడులే అని ఒక ఏడాది కాచుకుంటిని."

"ఆ తర్వాత?"

"తర్వాత పనుల్లో పడి కాచుకునేది మానేస్తిని. కాఫీ చల్లారతా ఉండాది, తాగు."

కాఫీ గ్లాసు నా ఎడమచేతి వైపు పెట్టారు.

నెలనెలా అలిపిరి మెట్లెక్కే ఆ కాళ్లకు ఇంకా ఎన్నో ఏళ్ల బలాన్నీ, తాటాకు మీది సన్నని గీతను చదివే ఆ కళ్లకు చూపునూ, నిండు ఆయుష్షునూ ఆ శ్రీనివాసుడు ప్రసాదించాలని మా విభాగమంతా ప్రార్థిస్తోంది. సర్వీసు పుస్తకంలోని ఆ మాటను కొట్టివేయమని రిజిస్ట్రారు గారికి నిన్ననే ఉత్తరం ఇచ్చాను. 1986 జూలై 31న ఆమె పదవీ విరమణ సన్మాన సభలో, మునిరత్నాన్ని ముందు వరసలో కూర్చోబెట్టి, దండ వేసే ముందు మైకులో ఇదే చెబుతాను: ఆ శనివారం గూడూరు బస్సు అందుకోవాలన్న తొందరలో ఐదు కట్టలు ఒక్కసారే విప్పి, చేతికొచ్చిన పలకలు కట్టేసి, పన్నెండేళ్లు నోరు మూసుకున్నవాడి పేరు ధనంజయ. అది నేనే.