ఏటి ఒడ్డున ఆగిన పుస్తకం

గోదావరి పొంగి నాందేడు ఘాటు మెట్లన్నీ మునిగిపోయిన ఏడు అది. బియ్యం లారీ మీద క్లీనరుగా పోయిన రామచందర్ ఆ వరదలోనే చిక్కుకున్నాడు. లారీ దొరికింది గానీ మనిషి దొరకలేదు. దసరా వెళ్లిన కొన్నాళ్లకు, దీపాలు పెట్టే వేళ, లోపలి గదిలో మంచం మీదున్న తల్లి నర్సవ్వకు వినపడకుండా తండ్రి లింగమూర్తి వంటింటి గడపలో కోడలిని నిలేశాడు.

“వత్సలా, మీ అత్తమ్మకు నువ్వు చదివే గా పుస్తకం ఎప్పుడైపోతది?”

“అయితది మామా. ఇంకా ఉంది.”

“ఎంతుంది?”

“ఉంది. చానుంది.”

“నిన్న గిదే అన్నవు. మొన్న గిదే అన్నవు. గా కథల కరువుకు ఇల్లిడిసి, దేవుని గంప నెత్తిన పెట్టుకొని బయలెల్లినోళ్లు ఏడిదాంక పోయిన్రు? ఏటి ఒడ్డుకు. పెద్దకొడుకు జొన్నలు తెస్తనని ఏరు దాటిండు. గంతే! అప్పటిసంది గా తల్లి ఒడ్డుకే కూసున్నది. కొడుకు రాడు, ఆమె లేవది.”

“కథ గట్లనే ఉంటది మామా. నిదానంగ...”

“నిదానమేంది! ముద్‌ఖేడ్ ప్యాసింజరు గూడ గింతసేపు ఆగది.”

“మెల్లగ. అత్తమ్మ వింటది.”

“వింటే విననీ! ...సరే, మెల్లగనే అంట.”

“అయినా నీకెందుకు? కథలు పనిలేనోళ్లకని నువ్వే అంటివి. వసారల బీడీ తాగుకుంట కూసుంటవు.”

“బీడీ తాగితే చెవులు మూసుకుపోతయా? దసరా ముందు మేక సచ్చిందంటివి. పాతిపెట్టుడు గూడ అయింది. నిన్న గదే మేక పాలిచ్చింది!”

“అది... అది వేరే మేక.”

“కరువుల వేరే మేక ఏడికెళ్లి వచ్చింది?”

“ఒక ముసలాయన ఇచ్చిండు. అప్పుడు నువ్వు నీళ్లకు పోయినవు.”

“నేనెన్నడు పోయిన నీళ్లకు!”

“ఎందుకు మామా గింత కోపం? చదివేది నేను, వినేది అత్తమ్మ.”

“తినకుండ పండేది గూడ మీ అత్తమ్మనే. గుళ్లె చదివే పోతి కాదది, కథ పుస్తకం! దానికి పసుపుగుడ్డ చుట్టింది, కుంకుమ పెట్టింది, ముందట దీపం పెట్టింది. చదివినంక గ్లాసెడు పాలు, ఇంకేం ముట్టది. పుస్తకం సమాప్తి అయిన దినం తీపి బచ్చాలు చేసి వాడకంత పంచుతదట. గా పొద్దే కొడుకు ఇంటికొస్తడట.”

“నేను చెప్పిన. కథ అత్తమ్మా ఇది అని చెప్పిన. ‘దేవుని నెత్తిన మోసినోళ్ల ముచ్చట వట్టి కథ ఎట్లయితది’ అన్నది.”

“గందుకే అయిపోవాలె. అయిపోనీ. వాడు రాకపోతే ఏడుస్తది. ఏడిస్తే ఆకలైతది. ఇప్పుడు ఏడుస్తలేదు, తింటలేదు. చూస్తున్నవు గద, చేతులు పుల్లలయినయి.”

“ఇంకొక్క వారం...”

“లైబ్రరీ బాబురావు రేపే తెమ్మన్నడు. కడమదంత ఇయ్యాలనే చదివెయ్యి. ఎంతున్నా చదువు. దీపంల నూనె నేను పోస్త.”

“నాతోని కాదు.”

“ఎందుకు కాదు?”

“గొంతు మంచిగ లేదు.”

“గొంతు మంచిగనే ఉంది. ఇటు చూడు బిడ్డా. నాకు తెలుగు చదువరాదు. మూడు జమాత్‌లు, అది గూడ ఉర్దూ. కని పేజీ తిప్పితే చప్పుడైతది గద. నిన్న చప్పుడు కాలే. మొన్న కాలే. దసరా కాడికెళ్లి కాలే. ఏం చదువుతున్నవు నువ్వు?”

“ఏం చదువుతలేను.”

“అంటే?”

“పుస్తకం దసరా నాడే అయిపోయింది మామా.”

“అయిపోయిందా?”

“అయిపోయింది. కడమదంత నేనే చెప్తున్న. మేకను గూడ నేనే తెచ్చిన.”

“మరి ఆఖర్ల ఏముంది?”

“వద్దు మామా.”

“చెప్పు.”

“కొడుకు రాలే. తల్లి దేవుని గంప నెత్తిమీదికెళ్లి దించి, ఏట్లె ఇడిసింది. ఎనుకకు చూడకుండ నడిసిపోయింది. గంతే ఉంది.”

“గంతేనా?”

“గంతే. గది నా నోటితోని ఎట్ల చదవాలె? ఏడిస్తే అత్తమ్మ తింటదంటవు. సరే, తింటది. నేనో? అత్తమ్మ నమ్మినన్ని దినాలు పొద్దుగాల లేచి బొట్టు పెట్టుకుంటున్న. పుస్తకం అయిపోయినంక గాజులు తియ్యుమంటరు.”

“ఎవడన్నడు గా మాట?”

“నువ్వే. మనిషి దొరకకపోతే కర్మ ఎట్ల చెయ్యాలెనని మొన్న పంతులును అడగలేదా? నాకు గూడ చెవులున్నయి మామా.”

“...అడిగిన. తండ్రిని గద, అడిగిన.”

“వత్సలా! ఏందే గా గుసగుస? దీపం పెట్టిన్రా లేదా?”

“వస్తున్న అత్తమ్మా!”

“నిన్న ఏడ ఆపినం? గా పిలగాడు ఏరు దాటి మళ్లిండా? ఇయ్యాలన్న చెప్పుండ్రి. ఓ అయ్యా, వసారల కూసొని వింటనే ఉంటవు గద, నీకెరుకనా?”

“ఏం చెప్తవు మామా?”

“ఉండు.”

“ఓ అయ్యా! నిన్నే!”

“ఒడ్డుకే ఉన్నరు. నీళ్లింకా తగ్గలే. ఆవలి ఒడ్డుకు ఎవరో నిలవడ్డట్టు కనవడ్డది... పొద్దుగూకింది, మొఖం తెలుస్తలేదు.”

“వాడేనా?”

“తెల్లారితే తెలుస్తది. గా తల్లి గూడ గదే అన్నది. అని, ఇంత జొన్నరొట్టె తిన్నది.”

“తిన్నదా? పోతిల గట్లుందా?”

“గట్లనే ఉంది. తినకపోతే కొడుకు వచ్చినప్పుడు ఎదురువోతందుకు బలమెట్లుంటది అన్నది.”

“...వత్సలా. సగం రొట్టె తే బిడ్డా. పాలల్ల ఇరిసి తే.”

తెల్లవారి లింగమూర్తి పుస్తకాన్ని ఆ పసుపుగుడ్డతోనే సంకన పెట్టుకొని లైబ్రరీకి పోయాడు.

“ఝాలం కా, కాకా? అయిపోయిందా చదువుడు?”

“నాహీ బాబురావ్. ఇంకో వారానికి ముద్ర కొట్టు. ఇంకా మస్తుంది.”