రొప్పే లాప్‌టాప్‌ని కాదన్న మాలకొండయ్య

మాలకొండయ్య ఉన్నాడే, మా ఊరి ఎద్దుల బేరగాడు, ఆయన మనవరాలికి లాప్‌టాప్ కొనిపెట్టడానికి వొంగోలు పోయాడంట. నవ్వబాక వదినా, ముందు విను. ఈ మాలకొండయ్య ఎట్టాంటోడంటే, సంతలో ఎద్దు ఎదురుపడిందనుకో, మూతి పట్టుకోని పళ్ళు చూస్తాడు, డెక్కలెత్తి చూస్తాడు, మెడ కాడ్నుంచి తోక దాకా చెయ్యి రాసుకుంటా పోయి సుడులు చూస్తాడు. అప్పుడు చెప్తాడు, ఇది లాగుద్ది, ఇది కూలబడుద్ది అని. చెప్పాడంటే చెప్పినట్టే. ఆయన చేతి మీద కొన్న గొడ్డు ఒక్కటి కూడా తిరిగి సంతకి రాలేదని చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ పేరు. ఆ పేరు ముదిరి ఏమైందంటే, మోటారు కొనాలన్నా ఆయనే, బండి కొనాలన్నా ఆయనే, ఆఖరికి సుబ్బరత్తమ్మ గ్రైండరు కొనటానికి కూడా ఆయన్నే ఆటో ఎక్కించుకోని పోయింది. ఆయనకీ అదొక సరదా అనుకో, తలపాగా చుట్టుకోని తయారు. ఆ పొగాకు పక్కన పెట్టు పిల్లా, మచ్చుంది, కథ చెవులతో విను, కళ్ళు ఆకు మీద ఉండాల.

ఆ మనవరాలి పేరు ప్రవల్లిక. ఆ పిల్ల వొంగోల్లో ఒక సెంటర్లో యానిమేషన్ అనే చదువు చదివింది. అదేందంటే కంప్యూటర్లో బొమ్మ గీసి, దానికి నడకా పరుగూ నేర్పడం. టీవీలో మన పిలకాయలు నోరు తెరుచుకోని చూస్తారే, కోతి గంతులేస్తది, ఏనుగు డాన్సు కడతది, అయ్యన్నీ ఎవరో ఒకరు కూచోని చేస్తే అయినయ్యేగా, ఊరికే అయినయ్యా. చదువు అయిపోయింది. హైదరాబాదులో ఒక కంపెనీ వాళ్ళు, అమ్మాయ్, మీ ఇంటికాడ కూచోనే పని చెయ్యొచ్చు, ముందుగా ఒక దూడ గడ్డిలో గంతులేసే బొమ్మ చేసి ఆదివారం లోపల పంపించు, బాగుంటే పని నీదే, రాకపోతే ఇంకోరికి ఇస్తాం అన్నారంట. ఆ పిల్ల కాలు నేల మీద ఆగలా. కాకపోతే దేని మీద చేస్తది? చదువు అయిపోయాక సెంటర్లో కంప్యూటరు ముట్టుకోనియ్యరు, ఫోన్లో ఆ పని కాదు. కొత్త లాప్‌టాప్ ధర వింటేనే వాళ్ళమ్మకి నీరసం వచ్చింది. పాఠం చెప్పిన సారేమో, ఆఫీసుల్లో వాడి తీసేసినవి బాగుచేసి అమ్ముతారమ్మా, అయ్యి చవగ్గా వస్తయ్యి, అందంచందం చూడబాక, బొమ్మల పనికి లోపల విడిగా ఒక కార్డుంటది, గ్రాఫిక్స్ కార్డంటారు, అది ఉందో లేదో చూసుకో, మెమరీ దండిగా ఉందో లేదో చూసుకో, మిగతాది వదిలెయ్ అని చెప్పాడు. ఆ పిల్ల ఇదంతా ఇంట్లో చెప్తంటే మాలకొండయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకోని, కార్డు సంగతి తర్వాతమ్మే, ముందు నా కంటికి ఆనాలగా, పద అన్నాడు. ఇంక ఆయన్ని ఆపేదెవరు?

వొంగోల్లో ఆ పాత లాప్‌టాప్‌ల కొట్టు ఖాజావలి అనే కుర్రాడిది. మంచోడు, నవ్వుమొకం. వచ్చినోళ్ళని కూచోబెట్టి రెండు చూపించాడంట. ఒకటి నల్లది, ఇంత మందం, మూలలు గీసుకుపోయి చూడటానికి బొగ్గుల బస్తాలాగా ఉంది. రెండోది వెండి రంగుది, సన్నంగా, తళతళలాడతా పళ్ళెం మాదిరి ఉంది. మాలకొండయ్య ఊరుకుంటాడా? మూత తెరిచి మీటలన్నీ ఒక్కొక్కటీ వేలితో కదిలించి చూశాడు, ఏదన్నా ఊగతందేమోనని. తిరగేసి అడుగు చూశాడు. అబ్బాయా, ఇది ఎవరి దగ్గర పెరిగింది, ఎన్ని పంట కార్లు దున్నింది అన్నాడంట. ఖాజావలికి నవ్వొచ్చి, ఆఫీసులో పెరిగింది తాతా, రెండు మూడేళ్ళు పనిచేసింది అన్నాడు. ఆఫీసులో అయితే ఎండ తగల్లేదన్నమాట, మంచిదే అన్నాడీయన. ఈలోపు ప్రవల్లిక నల్లదాంట్లో తన బొమ్మ పెట్టింది. పెట్టిందో లేదో అది బుస్సుమని మొదలుపెట్టింది. లోపల ఫ్యానుంటదిలే, అది తిరుగుతంది. మాలకొండయ్య పక్కన చెయ్యి పెట్టి చూశాడు, వేడి గాలి. చెవి ఆనించి విన్నాడు. అమ్మే, ఇది రొప్పుతోందే, ఇంకా సాలు కూడా తిప్పకముందే రొప్పుతోంది, ఇది మనకి పనికిరాదు అన్నాడు. వెండిదాని మీద చెయ్యి పెట్టాడు, చల్లగా ఉంది, చప్పుడు లేదు. దాంట్లో ఆ పిల్ల ఇంకా ఏ పనీ పెట్టలేదు, ఊరికే తెరిచి ఉంది, అందుకని చల్లగా ఉంది, ఆ సంగతి ఆయనకెట్టా తెలుసుద్ది?

తాతా, నాకు నల్లదే కావాల, దాంట్లోనే కార్డుంది అంది ఆ పిల్ల. ఖాజావలి కూడా, అవును తాతా, పాప చేసే పనికి నల్లదే మేలు, పైగా ధర కూడా దానికన్నా తక్కువ అన్నాడు. అంతే, కొంప మునిగింది అక్కడే. ఎందుకంటే సంతలో అమ్మేవాడు తన గొడ్డుని పొగిడాడనుకో, బేరగాడు రెండడుగులు వెనక్కేస్తాడు. పొగడటమే కాకుండా, చవకది కూడా ఇదే, ఇదే తోలుకుపో అన్నాడనుకో, దానికి కుంటో గుడ్డో ఉండి తీరాల. మాలకొండయ్య మనవరాలిని పక్కకి లాగి, వాడు దాన్ని మనకి అంటగట్టాలని చూస్తన్నాడమ్మే, నువ్వు చిన్నపిల్లవి, నీకీ మాయలు తెలియవు అన్నాడంట. ఆ పిల్ల చెప్పింది, బతిమాలింది, కాళ్ళు నేలకేసి కొట్టింది. ఈయన వింటేగా! వెండిదాని కాడికి పోయి, భుజాన తువ్వాలు తీసి ఖాజావలి చేతి మీద కప్పి, అడుగున వాడి వేళ్ళు పట్టుకున్నాడు. మన సంతలో ధర నోటితో చెప్పరుగా, పక్కనోడికి వినపడకుండా వేళ్ళు నొక్కి చెప్తారు. ఆ కుర్రాడికేం తెలుసు? ఏంది తాతా, కళ్ళు తిరుగుతున్నయ్యా, కుర్చీ వెయ్యనా అని కంగారుపడ్డాడంట! ప్రవల్లికే సిగ్గుపడతా ఆ సంగతి చెప్పింది. ఖాజావలి పగలబడి నవ్వి, తనూ వేళ్ళు నొక్కి, చక్కిలిగింతలకి మెలికలు తిరిగి, ఎట్టాగైతేనేం బేరం తెగింది. వెండిది ఇంటికొచ్చింది.

ఇంటికొచ్చాక మొదట్లో బానే ఉంది. దూడ గీతలు గీసినంతసేపూ చప్పుడు లేకుండా చేసింది. చూశావా, ఎంత నెమ్మదస్తురాలో అని మాలకొండయ్య అరుగు మీద కూచోని పోయేవాళ్ళనీ వచ్చేవాళ్ళనీ పిలిచి చూపించాడు. నేనూ పోయి చూసొచ్చాలే. మర్నాడు ఆ పిల్ల దూడకి తోలు వేసింది, వెంట్రుకలు వేసింది, కింద గడ్డి వేసింది, ఎండ పెట్టి నీడ పెట్టింది. అయ్యన్నీ పెట్టి, ఇంక గంతెయ్యవే అంది. దూడ ఒక కాలెత్తింది. ఎత్తింది ఎత్తినట్టే ఉంది, దించదు. మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ కాలెత్తి నిలబడింది. లాప్‌టాప్ చూస్తే పొయ్యి మీద పెనం లాగా కాలతంది. మాలకొండయ్య వచ్చి, కసరబాకమ్మే, బెదురుద్ది అని దాన్ని చేత్తో దువ్వి, నాలిక కొట్టి, హేయ్, తో తో అని అదిలించాడంట! కూలబడ్డ ఎద్దుని లేపినట్టు! అది కాస్తా తెర నల్లబడి ఊరుకుంది. చూడ్డానికి వచ్చినోళ్ళంతా నవ్వారు. ఆ పిల్లకి మాత్రం ఏడుపు తన్నుకొచ్చింది. తాతా, నువ్వు దాని వొళ్ళు చూశావు, దాని మూతి చూశావు, నా పని ఎంత బరువో చూశావా అంది. ఆ ఒక్క మాటకి ఆయన మొకం మాడిపోయింది. అన్నం కంచం ముందు పెడితే అట్టాగే కూచున్నాడంట, కలపలా. ఆదివారం రేపో ఎల్లుండో అన్నట్టుంది.

ఇప్పుడు మన సంతలో ఒక పద్ధతుందిగా. తీసుకుపోయిన ఎద్దు కాడి కింద పనికిరాలేదనుకో, తిరిగి తోలుకురావచ్చు. కాకపోతే కొన్న బేరగాడు పదిమంది ముందరా తన తలపాగా తీసి ఆ ఎద్దు వీపు మీద వేసి, నా చూపు తప్పింది, నీ గొడ్డుని నువ్వు పట్టుకో అని నోటితో అనాల. ఇంతకాలంలో మాలకొండయ్య ఆ మాట అన్నోడు కాదు. అన్నోళ్ళని చూసి మీసం తిప్పినోడు, నవ్వినోడు. ఆ మాట అనటం కంటే సంతకి పోవడం మానేస్తే నయం అనుకునే మనిషి. అట్టాంటి మనిషి శనివారం పొద్దున్నే స్నానం చేసి, తలపాగా చుట్టుకోని, పదమ్మే అన్నాడు. యాడికి తాతా అంటే, నా చూపు తప్పింది, పోయి ఆ మాట చెప్పేసొద్దాం అన్నాడు. బస్సులో లాప్‌టాప్‌ని ఒళ్ళో పెట్టుకోని కిటికీలోంచి చూస్తానే ఉన్నాడంట.

కొట్లో ఆ పూట జనం. ఈయన పోయి, అందరి మధ్యా నిలబడి, తలపాగా తీసి, వెండి లాప్‌టాప్ మీద పరిచాడు. అబ్బాయా ఖాజావలీ, నా చూపు తప్పింది, నీ సరుకు నువ్వు పట్టుకో అన్నాడు. ఖాజావలి బిత్తరపోయి, అయ్యో తాతా, దానికింత ఎందుకు, వారం లోపల ఎవరైనా మార్చుకోవచ్చు, రోజూ ఎవరో ఒకరు మార్చుకుంటానే ఉంటారు అన్నాడు! మాలకొండయ్య, రోజూనా అన్నాడు. రోజూనే తాతా అన్నాడు. మరి వాళ్ళు తలపాగాలు తియ్యరా అంటే, తలపాగాలు యాడున్నయ్యి తాతా ఈ రోజుల్లో అన్నాడు. అప్పుడు అందరూ నవ్వారు, ఈయన కూడా నవ్వాడు. నవ్వి, నల్లదాన్ని తీసుకురా అబ్బాయా, ఈసారి బండ కట్టి లాగించి చూద్దాం అన్నాడు. ప్రవల్లిక తన దూడని, గడ్డినీ, ఎండనీ అన్నీ దాంట్లోకెత్తింది. నల్లది బుస్సుమంది. ఈయన దాని మీద పెట్టిన చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. తాతా, అది రొప్పటం కాదు, లోపలి వేడిని బయటికి తోస్తంది, తోయకపోతేనే చిక్కు అన్నాడు ఖాజావలి. అంటే చెమట పోస్తందన్నమాట, పొయ్యనీ అన్నాడు. దూడ కాలెత్తింది. ఆయన ఊపిరి బిగబట్టాడు. దించింది! ఇంకో కాలెత్తింది, దించింది, తోకెత్తి గడ్డిలో ఎగిరి ఒక్క గంతేసింది. మాలకొండయ్య, హేయ్ అని ఒక్క అరుపు అరిచాడంట, బండలాగుడు పందెంలో అరిచినట్టు, వీధిలో పోయేవాళ్ళు కూడా తొంగిచూశారు. ఆ పిల్ల తాతని వాటేసుకుంది.

నల్లది ఆ సాయంత్రం నుంచి ఇంట్లో మోగతానే ఉంది, ఆ పిల్ల చేస్తానే ఉంది, ఆదివారం మధ్యాన్నానికల్లా దూడని పంపించింది. ఇంకో నాలుగైదు రోజులకి కబురొచ్చింది, పని నీదేనని. పై వారం సంతలో ఏమైందంటే, ఈ సంగతి అప్పటికే పొక్కిందిగా, మాలకొండయ్య ఒకప్పుడు ఎవరెవర్ని చూసి నవ్వాడో వాళ్ళంతా కాచుకోనున్నారు. ఏం మాలకొండయ్యా, నీ చూపు తప్పిందంటగా అన్నాడంట ఒకడు, గట్టిగా, అందరికీ వినపడేటట్టు. ఈయన ఎద్దు మూతి వదలకుండానే, తప్పింది, తప్పిందని చెప్పాను, చెప్పాను కాబట్టే నా మనవరాలు పన్లో కూచుంది, లేకపోతే ఆ దూడ ఇంకా కాలెత్తుకోనే ఉండేది అన్నాడు. ఏదేమైనా నాకు ముచ్చటేసింది ఆ ముసిలాయన్ని చూస్తే. మా ఇంట్లో కూడా ఉన్నాడొకాయన, పెళ్లయిన కాడ్నుంచీ ఆయన చూపు ఎన్నిసార్లు తప్పిందో ఆ దేవుడికెరుక, ఒక్కసారి నోరు తెరిచి అంటాడేమోనని నేను కాచుకోనే ఉన్నా.