నాలుగు సెకన్లు

అధ్యక్షత వహించిన ప్రిన్సిపాల్ మేడమ్‌గారికి, పెద్దలకు, తోటి ఉపాధ్యాయులకు, నన్ను వదిలించుకుంటున్నామన్న ఆనందాన్ని దాచుకోలేకపోతున్న విద్యార్థులకు నమస్కారం. (నవ్వులు)

ఇంతసేపూ నన్ను పొగిడారు. ముప్పై నాలుగేళ్లలో నా లెక్క ఒక్కటీ తప్పలేదని కెమిస్ట్రీ మాస్టారు అన్నారు. పోయిన గురువారం దాకా నేనూ అదే అనుకున్నాను.

ఆ రోజు లాబ్‌లో బీరువా ఖాళీ చేస్తుంటే, మన అటెండరమ్మ, అదుగో తలుపు దగ్గర నిలబడింది, పాత పరీక్ష పేపర్ల కట్టలు ఒక్కొక్కటే అందిస్తోంది. ఒక కట్టలో ఇరవై ఎనిమిదేళ్ల నాటి ఆమె పేపరే ఉంది. నలభై మీటర్ల మేడ మీద నుంచి సెకనుకు పది మీటర్ల వేగంతో రాయిని నిట్టనిలువుగా పైకి విసిరితే ఎంతసేపటికి నేల తాకుతుంది, గురుత్వ త్వరణం పది అనుకోండి, అన్నది ప్రశ్న. ఆమె నాలుగు సెకన్లని రాసింది. నేను ఎర్ర సిరాతో కొట్టేసి, రెండు అని రాసి, సున్నా వేశాను.

సరదాగా మళ్లీ చేసి చూశాను. నాలుగే వచ్చింది. ఇంకోసారి చేశాను. మళ్లీ నాలుగే. పైకి విసిరిన రాయిని కిందికి విసిరినట్టు లెక్కకట్టింది నేను.

ఆ పేపర్లో రెండు మార్కులు తక్కువై ఆమె ఫెయిలైంది, చదువు మానేసింది. పంతొమ్మిదేళ్లుగా ఇదే లాబ్‌లో నాకు సామాను సర్దిపెడుతోంది. నా దగ్గర చదివిందని తెలుసు. ఎందుకు మానేశావని ఏనాడూ అడగలేదు.

"నీది కరెక్టని నీకు తెలుసా అమ్మా?" అన్నాను.

"ఆ రోజే తెలుసు సార్. రెండో సెకనుకి రాయి తిరిగి విసిరిన చేతి దగ్గరికే వస్తుంది కదా."

"మరి చెప్పలేదేం?"

"చెప్పాను సార్. ఎదురు మాట్లాడుతున్నానని బయట నిలబెట్టారు."



క్షమించండి, నీళ్లు... చాలు. రికార్డులు ఇప్పుడు మార్చలేమని మేడమ్‌గారు బాధపడుతూనే చెప్పారు. నేనేం చేయగలనని అటెండరమ్మనే అడిగాను. కట్టలకు తాళ్లు ముడి వేస్తూ, "ఆ రోజు క్లాసంతా చూస్తుండగా పంపించారు సార్. చెప్పేదేదో అందరి ముందూ చెప్పండి" అంది.

అందుకే చెబుతున్నాను. అమ్మా, జవాబు నాలుగు సెకన్లు. నువ్వు రాసింది ఒప్పు, నేను దిద్దింది తప్పు.

నా మాటలు ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. ఈ దండ ఆమెకిచ్చి వెళ్తాను. సెలవు.