గోడను తప్పించుకున్న వాగు

వాగు అడుగు కోసుకుపోకుండా తాపీమేస్త్రి నిరుడు కట్టిన అడ్డుగోడ చెక్కుచెదరలేదు. గోడ పక్కనున్న అతని అక్క పొలం గట్టు మాత్రం ఈ వరదకు సగం కొట్టుకుపోయింది.

"చూశావా అక్కా, ఒక్క రాయి కదల్లేదు."

"పక్కనుంచి దారి దొరికాక వాగుకి నీ రాళ్లతో పనేముందిరా? గోడ కొసని గట్టు లోపలికంటా ఎందుకు కట్టలేదు?"

మేస్త్రి తల గోక్కున్నాడు.

"పన్నెండడుగులు తవ్వాలి. నీ పశువుల కొట్టం అడ్డొచ్చింది. పడగొట్టడానికి చేతులు రాలేదు."

"కొట్టం మీద జాలిపడి నా నేలని వాగు నోట్లో పెట్టావన్నమాట."

"ఇప్పుడు తవ్వినా కొట్టం తీసెయ్యాల్సిందే. ఆవునెక్కడ కడతావు?"

"పొద్దున్నే మీ వసారాలో కట్టేసొచ్చాను. మరదలు మేత కూడా వేసింది. గునపం అందుకో."