మంత్రగత్తె గొంతు

ఆదివారం మధ్యాహ్నం టీవీలో తోడేలు మనుషుల డబ్బింగ్ సీరియల్ వస్తోంది. సోఫాలో అత్తగారు, పెళ్లై నెలైనా కాని కోడలు.

"అత్తయ్యా, ఈ మంత్రగత్తె గొంతు విన్నారా? మాడిన గిన్నె గీకినట్టు లేదూ!"

"అంత ఘోరంగా ఉందా?"

"నిన్న మీ అబ్బాయికి అలాగే అరిచి చూపిస్తే పడీపడీ నవ్వారు."

"వాడు నవ్వాడా! సరే చూడు, ఆ తోడేళ్ల నాయకుడు తన కొడుకేనని మంత్రగత్తె ఇప్పుడు ఏడుస్తూ చెప్పేస్తుంది."

"అమ్మో, నిజంగానే చెప్పేసింది! ఈ ఎపిసోడ్ ఇవాళే కదా మొదటిసారి వేయడం? మీకెలా తెలుసు?"

"పోయిన నెల ఆ ఏడుపు ఆరుసార్లు ఏడిచింది నేనేనమ్మా."

"మీరా! స్టూడియోకి వెళ్తున్నానంటే ఆఫీసు పనేమో అనుకున్నానండీ... అయ్యో, చచ్చాను!"

"చావకు. ఏదీ, ఆ అరుపు నాకూ వినిపించు. మంత్రగత్తెకి కోడలొస్తోంది, గొంతు కోసం వెతుకుతున్నారు."