మారిన నాటకం

పరీక్షకు ఇంకా గంట ఉంది. ఇంగ్లిషు మాస్టారు తన క్లాసులోనే చదివే కూతుర్ని స్టాఫ్ రూములోకి పిలిచి తలుపు వేశాడు. బయట వరండాలో ఆయన క్లాసు పిల్లలంతా నాటకంలోని మాటలు వల్లెవేస్తున్నారు.

"ఏంటి సార్?"

"ఈ ఏడు పరీక్షకి నాటకం మార్చేశారటమ్మా. పక్క బడి టీచరు ఇప్పుడే ఫోన్లో చెప్పింది. నేనేమో ఏడాదంతా పాతదే మీకు నూరిపోశాను."

"మీరు చూసుకోలేదా?"

"ఏళ్ల తరబడి అదే చెప్తున్నా. మారుతుందని తట్టనే లేదు. కొత్తదాని కథ టూకీగా చెప్తా, విను. గడియారాలు బాగుచేసే మనిషొకడు..."

"ఆగండి. బయటున్న వాళ్లకి చెప్పారా?"

"చెప్తే గగ్గోలు పెడతారు. నా ఉద్యోగం ఊడుతుంది. నీ ఒక్కదానికైనా చెప్పనీ తల్లీ, నీకు దణ్ణం పెడతా."

"ఇప్పుడు మాట్లాడుతున్నది సారా, నాన్నా?"

"నాన్నే."

"బడిలో నాన్నుండడు, సారే ఉంటాడని రూలు పెట్టింది నువ్వేగా!"

ఆమె తలుపు బార్లా తెరిచింది.

"పుస్తకాలు మూసేసి అందరూ లోపలికి రండర్రా. సార్ కథ చెప్తారు."